ఖాళీగా పంపని డబ్బా

ఈ సంగతి ఇప్పటిదాకా ఎవ్వరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. ఆ ఏడు అట్ల బతుకమ్మ నాడు అక్క డబ్బాను నేను ఖాళీగా తిరిగి ఇవ్వలేదు. గుప్పెడు చక్కెర పోసి, మూత గట్టిగా ఒత్తి, ఆమె కిటికీలో పెట్టి వచ్చాను.

గుప్పెడు చక్కెరలో దాచుకోవలసింది ఏముందని అనిపించవచ్చు. అందుకే మొదటినుంచి చెప్పాలి.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. మెదక్‌లో మా ఇంటి ముందరి గదిలో కిరాయికి ఉండేది. ఆమె భర్త బస్సు కండక్టర్. పుట్టిల్లు టేక్మాల్ దాటినంక ఒక పల్లె. పెళ్లయి ఏడేళ్లయినా పిల్లలు లేరు. ఏడో తరగతితో బడి మానేసింది, కానీ కథలంటే ప్రాణం. నేను గ్రంథాలయం నుంచి నవలలు తెచ్చి కాలేజీ పుస్తకాల కింద దాచుకుంటానని ఆమె ఒక్కతే కనిపెట్టింది. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక మా వంటింటికీ ఆమె గదికీ మధ్యనున్న గోడ మీద గరిటెతో రెండుసార్లు కొట్టేది. రమ్మని అర్థం. నేను పుస్తకం తీసుకుని పోయేదాన్ని.

నలుగురిలో నాకు నోరు పెగలదు. ఇంటికి చుట్టాలొస్తే నీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోతాను. అట్లాంటిది అక్క ముందు రెండు గంటలు ఆగకుండా చదివేదాన్ని. పుస్తకంలోవి నా మాటలు కావు కదా, అందుకే వచ్చేవేమో. ఆమె బియ్యంలో రాళ్లేరుతూ వినేది. మధ్యలో ఊరుకునేది కాదు.

"గా మొగోనికి జరన్న బుద్ధి లేదా? ఆమె గంతగనం ఎదురుచూస్తాంటే ఉత్తరం ముక్క రాయడా?"

"రాస్తాడక్కా, ఇంకా నలభై పేజీలున్నాయి."

"నలభై పేజీలదాక ఆమె బతికుండాలె గదా!" అని నవ్వేది. ఇంకోసారి, "సదువుతాంటే నీ గొంతు మస్తుంటది పిల్లా. గదే గొంతుతోని కూరగాయలామెను పావుకిలో బెండకాయలడుగుమంటే మూగదానివైతవు" అన్నది.

ఊళ్లన్నీ తెలంగాణ కోసం సమ్మెలో ఉన్న ఏడు అది. నేను ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ బంద్, బస్సులు బంద్. బడిపంతులైన మా నాన్న, అక్క భర్త ఇద్దరూ పొద్దున లేస్తే రోడ్డు మీద వేసిన టెంటు దగ్గరికి పోయేవాళ్లు. కాలేజీ లేకపోవడంతో గోడ మీద గరిటె చప్పుడు రోజూ వినబడేది.

అట్లాంటి ఒక మధ్యాహ్నం చదువు మధ్యలో అక్క చేట కింద పెట్టింది.

"ఆగు. ఒక మాట చెప్త, ఎవ్వలకు చెప్పకు. మూడో నెల పడ్డది."

పుస్తకం తిరగేసి పట్టుకుని మళ్లీ సరిచేసుకున్నాను. ఆమె నా అవస్థ చూసి పడిపడి నవ్వింది.

"పుట్టినంక బిడ్డ నాలుకకు మొట్టమొదలు చక్కెర నువ్వే నాకియ్యాలె. ఎవలు నాకిస్తే వాళ్ల గుణం వస్తదంటరు. నీ సదువు రావాలె." చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంటూ అన్నది, "మాట్లాడుడు మాత్రం నాదే రావాలె. నీది వస్తే ఆకలైనా ఏడ్వదు."

ఆ ఏడు మా ఇంట్లో పండుగ లేదు. శ్రావణంలో మా నాయనమ్మ పోయింది. ఇంట్లో మనిషి పోతే సంవత్సరీకం అయ్యేదాకా మాకు పండుగలుండవు. గడపకు పసుపు రాయము, కడాయిలో నూనె పొయ్యము, బతుకమ్మ పేర్చము. ఖిల్లా గుట్ట కింద గునుగు తెల్లగా పూసింది. ప్రతి ఏడూ నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయి కొంగు నిండా తెంపుకొచ్చేది. ఆ ఏడు వాడలోని ఆడవాళ్లు ఆ పూల కట్టలు పట్టుకుని మా ఇంటి ముందునుంచి పోతుంటే అమ్మ తలుపు దగ్గరకు వేసేది.

తొమ్మిది రోజుల బతుకమ్మలో మొదటిరోజు సాయంత్రం అక్క తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. చేతిలో మూత ఉన్న స్టీలు డబ్బా. ఆమె పెళ్లికి వచ్చిన డబ్బా అది, మూత మీద చుక్కలతో ఆమె పేరు చెక్కి ఉంటుంది.

"ఎందుకు బిడ్డా, మాకు పండుగ లేదు గదా" అన్నది అమ్మ.

"మీకు లేదు చిన్నమ్మా, నాకున్నది గదా. మీరు వండొద్దు గని తినొద్దని ఎవలన్నరు?"

అమ్మ డబ్బా తీసుకుంది. అక్క వెళ్లాక పొయ్యి దగ్గర కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత నన్ను పిలిచి నెమ్మదిగా చెప్పింది. "డబ్బా కడిగి ఉత్తదే ఇయ్యి. అండ్ల ఏం పెట్టకు. ఏడాది తిరిగేదాక మనింట్లకెళ్లి ఎవలింటికి ఏం పోవద్దు. గా పిల్ల నీళ్లోసుకున్నదేమోనని నాకు అనుమానం. మరింత పోవద్దు."

నేను తలూపాను.

కానీ నాయనమ్మ నాకు నేర్పింది వేరు. ఎవరి గిన్నె మా ఇంటికి వచ్చినా ఉత్తగా తిరిగిపోనిచ్చేది కాదు. ఏమీ లేకపోతే రెండు పచ్చిమిరపకాయలు, ఒక నిమ్మకాయ, లేదంటే గుప్పెడు చక్కెర. "గిన్నె ఉత్తగ పోతే మన నోరు ఉత్తగ పోయినట్టే" అనేది. నోరు లేని నాకు ఆ మాట బాగా నచ్చేది. చిన్నప్పటినుంచి వాడలో గిన్నెలు తిరిగిచ్చే పని నాదే. చక్కెర పోసి ఇస్తే చాలు, ఏమీ మాట్లాడనక్కర్లేదు. తీసుకున్నవాళ్లు నవ్వుతారు, నేను వచ్చేస్తాను.

రెండోరోజు అటుకులు, బెల్లం వచ్చాయి. మూడోరోజు ముద్దపప్పు. నాలుగోరోజు పాలల్లో నానిన బియ్యం, మీద బెల్లం తురుము. రోజూ తిన్నాం, రోజూ డబ్బా కడిగి ఉత్తదే ఇచ్చాను. ఖాళీ డబ్బా మూత పెడుతుంటే గణగణమనేది. నాకు ఆ చప్పుడు నచ్చేది కాదు. అక్క మాత్రం ఏమీ అనుకునేది కాదు. "తిన్నవా? మీ అమ్మ తిన్నదా?" అని అడిగి డబ్బా అందుకునేది.

నాన్న టెంటు దగ్గరినుంచి పొగవాసనతో వచ్చేవాడు. అక్కడ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవాళ్లు. ఒకరోజు, "ఇయ్యాల బగార అన్నం చేసిండ్రు, తిన్న" అన్నాడు. అనగానే తల్లి పోయిన ఏడు పలావు తిన్నానని గుర్తొచ్చిందేమో, నూతి దగ్గరికి పోయి చాలాసేపు కాళ్లు కడుక్కున్నాడు.

ఐదోరోజు అట్ల బతుకమ్మ. ఆరోజు డబ్బాలో నాలుగు అట్లు తెచ్చింది అక్క. మూడు మెత్తగా, అంచుల్లో జల్లెడలాగా ఉన్నాయి. అన్నిటికన్నా మీదిది మాడి, మధ్యలో చిరిగి, మడిచి ఉంది.

"మీదిది మాడింది" అన్నది అక్క తలుపు దగ్గరే నిలబడి. "ముసలామె అడిగేది గదా, పెట్టిన."

అది నిజం. పెనం మీద అంటుకున్న మొదటి అట్టు నాయనమ్మది. "మంచియి మీరు తినుండ్రి, పెనం గీరింది నాది" అని చేయి చాపేది. మాడింది తినడమే ఆమెకిష్టమో, మంచివి మాకు మిగలాలనుకునేదో ఎప్పుడూ అడగలేదు. పోయినేడు అక్క గదిలో అట్లు పోస్తుంటే కూడా గుమ్మంలో కూర్చుని ఆ మాటే అని మాడినది అడిగి తిన్నది. పన్నెండు నెలల తర్వాత అక్కకు అది గుర్తుంది. మా ఇంట్లో మాకెవరికీ గుర్తు రాలేదు.

అమ్మ ఆ అట్టును నాయనమ్మ ఫోటో ముందు పెట్టింది. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. ఏడ్చి వచ్చి డబ్బా కడిగాను. అక్కకు ఏదో చెప్పాలి. ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకున్నాను, ఒక్కటీ నోటిదాకా రాలేదు. అమ్మ వెనుక గదిలో బట్టలు మడుస్తోంది. చక్కెర డబ్బా చేతికందేంత దూరంలో ఉంది.

అమ్మ చెప్పింది గుర్తు లేక కాదు. అక్క కడుపుతో ఉందని నాకు తెలుసు, అమ్మకు అనుమానమే, నాకు ఖాయంగా తెలుసు. అయినా పోశాను. ఒక్క గుప్పెడు. డబ్బా ఆ రోజు గణగణమనలేదు. అక్క స్నానానికి పోయినట్టుంది, కిటికీలో పెట్టి గబగబా వచ్చేశాను. డైరీలో "అట్ల బతుకమ్మ. అట్లు నాలుగు, ఒకటి నాయనమ్మకు" అని మాత్రం రాశాను.

ఆరోరోజు బతుకమ్మ అలుగుతుంది. ఎందుకలిగిందో ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు. ఆ రోజు పూలు పేర్చరు, నైవేద్యం చెయ్యరు, ఆడరు. అందుకని డబ్బా రాకపోతే ఎవరికీ ఏమీ అనిపించలేదు. ముందరి గది తలుపు దగ్గరకు వేసి ఉంది. మధ్యాహ్నం నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని గోడ దగ్గర కూర్చున్నాను. గరిటె చప్పుడు రాలేదు. అలిగిన బతుకమ్మ కదా, అక్క కూడా అలిగినట్టు ఆటపట్టిస్తోందనుకున్నాను. చక్కెర చూసి ఏమన్నా అనుకుందేమోనని కూడా అనుకున్నాను. నేనే పోయి తలుపు కొట్టవచ్చు. పిలవకుండా ఒకరి గుమ్మం తొక్కడం నాకు చేతకాదు. గోడ ఇవతల కూర్చుని ముప్పై పేజీలు చదువుకున్నాను.

మూడు దాటాక అక్క భర్త టెంటు దగ్గరినుంచి వచ్చాడు. వచ్చిన నిమిషానికే గట్టిగా అరిచాడు. "చిన్నమ్మా! జర జల్ది రాండ్రి!"

అమ్మ తడిచేతులతోనే పరిగెత్తింది. నేను గుమ్మం దాకా పోయాను. అక్క చాప మీద ముడుచుకుని ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పొద్దుటినుంచి నొప్పి ఓర్చుకుందట, కాసేపట్లో తగ్గుతుంది, పిలవడమెందుకు అనుకుందట. అమ్మ, ఆయన కలిసి ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. గూట్లో స్టీలు డబ్బా కనిపించింది. కడిగి బోర్లించి ఉంది.

తిన్నదన్నమాట.

అమ్మ చీకటి పడకముందే వచ్చింది. "నిలవలే" అన్నది, అంతే. తర్వాత నా ముఖం చూసి, "డాక్టరమ్మ చెప్పింది, మొదటి నెలల్ల గిట్ల అయితాయట. ఎవ్వలు చేసింది ఏం లేదట" అన్నది. నేను బైపీసీ చదువుతున్నాను. చక్కెరతో ఏమీ కాదని ఏ అమ్మాయికన్నా ముందు నాకు తెలియాలి. తెలుసు కూడా. తెలిసినా, గోడ అవతల బోర్లించిన డబ్బా కళ్లముందే ఉంది.

మర్నాడు నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటున్నాం. వాడలో అందరికీ పెద్దదైన ఒక అవ్వ బిందె దించుకుంటూ అన్నది.

"కడుపుతోనున్న మనిషి సావు ఇంట్లకు గిన్నె మోస్తదా? మోసింది మోసింది, గదే గిన్నె మళ్ల ఇంట్లకు తెచ్చుకున్నది. గా ఇంట్లకెళ్లి ఏం తెచ్చుకున్నదో!"

అమ్మ బిందె కింద పెట్టింది. అమ్మ గొంతు అంత పెద్దగా రావడం నేను ఎప్పుడూ వినలేదు.

"మా ఇంట్లకెళ్లి ఏం పోలే అవ్వా. డబ్బా కడిగి ఉత్తదే ఇచ్చిన ప్రతిరోజు. గింత మెతుకు గూడ పోలే. నా బిడ్డ చేతులతోనే ఇప్పిచ్చిన. అడుగుండ్రి దాన్ని."

అందరూ నా వైపు తిరిగారు. నల్లా నీళ్లు బిందె నిండి పొర్లుతున్నాయి. ఎవరూ నల్లా కట్టెయ్యలేదు.

"ఉత్తదే ఇచ్చినవు గదా?" అన్నది అమ్మ.

నేను తలూపాను.

"సూడు!" అన్నది అమ్మ అవ్వతో. బిందె ఎత్తుకుని ముందు నడిచింది. నడుస్తుంటే నీళ్లు చీర మీద ఒలుకుతున్నాయి. వెనుకే నేనూ నడిచాను. ఆ తలూపడం వల్లే నాకు ఇన్నేళ్లూ నిద్ర సరిగ్గా పట్టలేదనుకుంటాను. చక్కెర పోసింది ప్రేమతో. తలూపింది భయంతో.

ఎనిమిదో రోజు అక్క దవాఖాన నుంచి వచ్చింది. వెంట వాళ్లమ్మ ఉంది. టేక్మాల్ వైపునుంచి ఏ బండి దొరికితే అది ఎక్కి వచ్చిందట. నల్లా దగ్గరి మాటలు ఆమె దాకా పోయాయి. అమ్మ చూడబోతే, "పడుకున్నది, లేపొద్దు" అని గుమ్మంలోనే నిలబడి చెప్పి పంపింది. తప్పు పట్టలేను. ఆమె బిడ్డ కదా.

సద్దుల బతుకమ్మ నాడు వాడంతా పులిహోర, నువ్వుల సద్ది, పెరుగు సద్ది వాసన. ఆడవాళ్లు పాడుతూ మా వీధిలోంచి పోయారు, ఉయ్యాలో ఉయ్యాలో అని దూరమైపోయేదాకా వినబడింది. మా ఇంట్లో అన్నం, పచ్చిపులుసు. ముందరి గదిలో ఏం వండారో తెలియదు. నేను గరిటె తీసుకుని గోడ దగ్గరికి పోయాను. రెండుసార్లు కొడితే చాలు, ఆమెకు అర్థమవుతుంది. గరిటెను గోడకు ఆనించి చాలాసేపు నిలబడ్డాను. కొట్టలేదు.

దసరా మర్నాడు అక్కను పుట్టింటికి తీసుకుపోతున్నారని అమ్మ చెప్పింది. బస్సులు లేవు కాబట్టి వాళ్ల మేనమామ ట్రాక్టర్ పంపాడు. ఆ పొద్దున నేను డైరీలోంచి కాగితాలు చింపి రాశాను. అక్కా, డబ్బాలో చక్కెర పోసింది నేనే, అమ్మ వద్దన్నా పోశాను, నన్ను క్షమించు. మూడుసార్లు రాసి రెండు చింపేశాను. మూడోది మడిచి గుప్పిట్లో పెట్టుకున్నాను.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. సమ్మె అయిపోయాక ఆమె భర్త ఒక్కడే వచ్చి సామాను తీసుకుపోయాడు, వేరే ఊరికి బదిలీ అయిందన్నాడు. ఆమెను నేను మళ్లీ చూడలేదు. తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ రోజు బస్సులన్నీ పూలదండలతో పోతుంటే ప్రతి బస్సు మెట్ల మీద ఆయనకోసం వెతికాను, అడుగుదామని. మా ఇంట్లో పండుగలు మళ్లీ మొదలయ్యాయి. అట్ల బతుకమ్మ నాడు మొదటి అట్టు మాడితే పక్కన తీసి పెడతాను. కానీ ఎవరి గిన్నె తిరిగివ్వాల్సి వచ్చినా, "నువ్వే ఇయ్యమ్మా" అంటాను. అమ్మ కారణం ఎప్పుడూ అడగలేదు.

ట్రాక్టర్ వచ్చిన ఆ పొద్దున నేను గేటు దగ్గర నిలబడ్డాను. వాళ్లమ్మ ట్రాక్టర్ తొట్టిలో గడ్డి పరిచి మీద బొంత వేసింది. అక్కను పట్టుకుని ఎక్కించారు. వారంలోనే ముఖం చిన్నదైపోయింది. నన్ను చూసి దగ్గరకు రమ్మని చెయ్యి ఊపింది. వాళ్లమ్మ అటు తిరిగి మూటలు సర్దుతోంది. నేను తొట్టి దగ్గరకు పోయి గుప్పిట్లోని కాగితం ఇవ్వబోయాను. ఆమె కాగితం వైపు చూడలేదు. నా గుప్పిటను అలాగే తన చేతిలోకి తీసుకుని, వాళ్లమ్మకు వినబడకుండా వంగి, నా చెవి దగ్గర అన్నది.

"గా చక్కెర నేను నోట్లె ఏసుకోలే పిల్లా. పుట్టినంక బిడ్డకు నీతోనే నాకిపిద్దామని దాసిపెట్టిన."